స్విచ్ మార్చడం మరమ్మతు కాదు

అమెరికాలో, కెనడాలో స్థిరపడ్డ చాలా తెలుగు కుటుంబాలకు చలికాలమంతా ఆధారం గ్యాస్ ఫర్నేసే. మన దగ్గర ఇళ్లను వేడి చేసుకునే అవసరం లేదు కాబట్టి అక్కడికి వెళ్లేదాకా ఆ యంత్రాన్ని చూసినవాళ్లు మనలో అరుదు. బేస్‌మెంట్‌లో ఒక మూలనో, డల్లాస్ ప్రాంతపు చాలా ఇళ్లలోలా అటక మీదనో అది కంటికి కనపడకుండా పనిచేసుకుపోతుంది. ఏ జనవరి రాత్రో వెంట్లలోంచి చల్లగాలి రావడం మొదలైతే తప్ప దాని సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. అప్పుడు టెక్నీషియన్ వస్తాడు, లిమిట్ స్విచ్ పోయిందంటాడు, కొత్తది బిగిస్తాడు. ఇల్లు వెచ్చబడుతుంది, బిల్లు కట్టేస్తాం. ఇంత వ్యవహారంలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఆ స్విచ్ మంటను ఎందుకు ఆపింది? దీనికి జవాబు దొరక్కుండా స్విచ్ మార్చితే దాన్ని మరమ్మతు అనకూడదు. చాలాసార్లు అది ప్రమాదాన్ని మరో వారానికో, మరో చలికాలానికో వాయిదా వేయడం మాత్రమే.

ముందు ఆ స్విచ్ చేసే పనేమిటో చూద్దాం. ఫర్నేస్‌లో మంట మండేది ఒకచోట, ఇంట్లోకి వచ్చే గాలి పారేది మరోచోట. రెంటికీ నడుమ గోడలా ఉండేది హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే లోహపు గొట్టాల వరస. మంట నుంచి పుట్టిన వాయువులు ఆ గొట్టాల లోపలి నుంచి సాగి పొగగొట్టం దారిన బయటికి పోతాయి. బ్లోయర్ తోసే గాలి గొట్టాల పైనుంచి పారుతూ వాటి వేడిని గదుల్లోకి మోసుకొస్తుంది. ఆ గాలి తగినంత పారకపోతే లోహం అతిగా కాగుతుంది. అప్పుడు మంటను ఆపించేదే లిమిట్ స్విచ్. దాని లోపల రెండు రకాల లోహాలను అతికించి చేసిన చిన్న బిళ్ల ఉంటుంది. నిర్ణీత వేడి దాటగానే అది టక్కున రెండోవైపుకు తిరగబడి కరెంటు దారిని తెంచుతుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అమెరికాకు చెందిన జాన్ స్పెన్సర్ సుమారు వందేళ్ల కిందట వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పటికీ కంపెనీలు వదలలేదంటే, అది అంత నమ్మకంగా పనిచేస్తుంది గనకే. చాలా స్విచ్‌ల మీద 'ఎల్ 160-40' వంటి గుర్తు ఉంటుంది. 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తెరుచుకుంటుంది, 40 డిగ్రీలు తగ్గి 120కి దిగాక మళ్లీ మూసుకుంటుంది అని దాని అర్థం. ఈ అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి. స్విచ్ తెరుచుకున్న క్షణంలో గ్యాస్ వాల్వుకు వెళ్లే 24 వోల్టుల కరెంటు ఆగిపోయి మంట ఆరిపోతుంది. బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉండి లోపలి వేడిని బయటికి తోసేస్తుంది. వెంట్లలోంచి చల్లగాలి వస్తోందని మనం విసుక్కునే ఆ కాసేపూ యంత్రం తనను తాను కాపాడుకుంటోందన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వేడి ఎందుకు పెరుగుతుంది? ఒక చిన్న లెక్క వేసుకుంటే సంగతి తేలిపోతుంది. గంటకు 80,000 బీటీయూల వేడినిచ్చే ఫర్నేస్ మీదుగా నిమిషానికి సుమారు 1,480 ఘనపుటడుగుల గాలి పారుతోందనుకుందాం. ఆ గాలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మేర వేడెక్కుతుంది. ఇంట్లోంచి 70 డిగ్రీల దగ్గర వెళ్లిన గాలి 120 దగ్గర తిరిగొస్తుంది. ఇది మామూలే. అదే గాలి ఏ కారణంగానో సగానికి పడిపోతే వేడి 100 డిగ్రీలు పెరుగుతుంది, బయటికొచ్చే గాలి 170కి చేరుతుంది. 160 దగ్గర తెరుచుకోవలసిన స్విచ్ తెరుచుకోక ఏం చేస్తుంది? ఇక గాలి తగ్గడానికి దారులు అనేకం. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్ వాటిలో మొదటిది. కోవిడ్ తర్వాత గాలి శుభ్రంగా ఉండాలని చాలామంది మెర్వ్ 13 వంటి దట్టమైన ఫిల్టర్లకు మారారు. ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క అంగుళం మందం ఫిల్టర్ కోసం కట్టిన ఇరుకైన గాలిదారిలో అవి బ్లోయర్‌కు ఊపిరాడనివ్వవు. వాడని గదుల్లో వెంట్లు మూసేస్తే గ్యాస్ ఆదా అవుతుందన్న నమ్మకం మరొకటి. ఖాళీ గదిలో లైటు ఆర్పే మంచి అలవాటును ఇక్కడికీ తీసుకొచ్చాం గానీ, నాలుగు వెంట్లు మూసినంత మాత్రాన ఫర్నేస్ పుట్టించే వేడి తగ్గదు. తగ్గేది గాలి ఒక్కటే. వీటికి తోడు ఏసీ కాయిల్ మీద పేరుకున్న మురికి, బలం తగ్గిన బ్లోయర్ కెపాసిటర్, ఇంటికి అవసరమైనదానికంటే పెద్ద ఫర్నేస్, సరిపోని డక్టులు, సరిగా సెట్ చేయని గ్యాస్ ప్రెషర్. వీటిలో ఏ ఒక్కటీ కొత్త స్విచ్ వేస్తే బాగయ్యేది కాదు.

కారణం వెతక్కుండా స్విచ్ మార్చినప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. కొత్త స్విచ్ కూడా నాలుగు రోజుల్లో ట్రిప్ అవుతుంది. అది నయం, కనీసం మళ్లీ ఎవరో ఒకరు చూస్తారు. రెండోది అసలు ప్రమాదం. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఇంకా ఎక్కువ వేడికి తెరుచుకునే స్విచ్‌ను తగిలించడమో, రెండు వైర్లనూ కలిపేసి డైరెక్ట్ చేయడమో జరుగుతుంది. అప్పటినుంచి లోహం ఎంత కాగినా అడిగే దిక్కుండదు. హీట్ ఎక్స్‌ఛేంజర్ ప్రతిసారీ హద్దు దాటి వ్యాకోచించి, చల్లారినప్పుడు ముడుచుకుంటూ ఉంటే వంపుల దగ్గర, అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి. పగులు పడిన ప్రతి ఇంట్లోనూ విషవాయువు నిండిపోతుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పొగను బయటికి లాగే ఫ్యాన్ సరిగా పనిచేస్తున్నంతకాలం చాలా వాయువు బయటికే పోతుంది. కానీ బ్లోయర్ గాలి ఆ పగులులోంచి మంట దగ్గరికి చొరబడితే మంట చెదురుతుంది. గ్యాస్ పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, ఒక్కోసారి మంట బర్నర్ పెట్టెలోంచి బయటికే వస్తుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అగ్నిప్రమాదాలను మినహాయించి చూసినా, ప్రమాదవశాత్తూ ఈ వాయువు పీల్చి ఏటా 400 మందికి పైగా అమెరికన్లు చనిపోతున్నారని, లక్ష మందికి పైగా ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఇందులో జనరేటర్లు, గ్యారేజీలో నడిపిన కార్లు కూడా కలిసే ఉన్నాయి. మొత్తం నింద ఫర్నేసుల మీద వేయడం సరికాదు. అయినా పడకగదులన్నిటికీ గాలిని పంచే యంత్రం గురించి మాట్లాడుతున్నాం. అందులో పొరపాటు జరిగితే అది ఒక్క గదితో ఆగదు.

ఇక పరీక్ష సంగతి. ఎక్కువ నిర్లక్ష్యం కనిపించేది ఇక్కడే. ఫర్నేస్‌కు కరెంటు తీసేసి, స్విచ్ వైర్లు ఊడదీసి, దాని రెండు టెర్మినళ్ల మధ్య మీటర్ పెడతారు. దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తే స్విచ్ మూసుకుని ఉన్నట్టు. కరెంటు దారి కలిసినట్టు మీటర్ చూపకపోతే తెరుచుకుని ఉన్నట్టు. యంత్రం చల్లారాక కూడా తెరుచుకునే ఉంటే స్విచ్ నిజంగానే చెడిపోయింది, మార్చవలసిందే. మరి సున్నా చూపిస్తే? మెయిన్ లిమిట్ స్విచ్ చల్లబడితే తనంతట తానే మూసుకుంటుంది. మనిషి వచ్చేసరికి గంటో రెండు గంటలో గడిచి యంత్రం చల్లారి ఉంటుంది. కాబట్టి ఆ రీడింగ్ చెప్పేది స్విచ్ ఇప్పుడు మూసి ఉందని మాత్రమే. ఎంత వేడికి తెరుచుకుంటుందో, అసలు తెరుచుకుంటుందో లేదో మీటర్ చెప్పదు. ఫర్నేస్ ఆగిపోయి ఉన్న సమయంలోనే కరెంటు తీయకుండా టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూస్తే కాస్త మెరుగు. 24 వోల్టులు కనబడితే దారి తెగింది అక్కడేనని తేలుతుంది. కంట్రోల్ బోర్డు మీద మెరిసే చిన్న లైటు ఇచ్చే కోడ్‌ను అన్నిటికంటే ముందే చదవాలి. దాని అర్థం తలుపు లోపలి వైపు అంటించిన కాగితంలోనే ఉంటుంది. కొన్ని మోడళ్లలో కరెంటు తీస్తే ఆ కోడ్ చెరిగిపోతుంది. 'ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి' అన్న ఫోన్ సలహా చెరిపేసేది చాలాసార్లు ఆ సాక్ష్యాన్నే.

అసలైన పరీక్ష యంత్రం నడుస్తుండగా జరగాలి. ఫర్నేస్‌ను ఐదు నిమిషాలు నడవనిచ్చి, ఇంట్లోంచి తిరిగి వెళ్లే గాలిదారిని కొద్దికొద్దిగా మూస్తూ, స్విచ్ తెరుచుకుని బర్నర్లు ఆరుతున్నాయో లేదో చూసి, ఆరగానే దారి తెరిచే పద్ధతి కొన్ని కంపెనీల ఇన్‌స్టలేషన్ పుస్తకాల్లోనే రాసి ఉంది. ఇది శిక్షణ ఉన్నవాళ్లు చేయవలసిన పని. ఇంటివాళ్లు ప్రయోగం చేయకూడదు. దీనితోపాటు లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రత కొలిచి తేడా తీయాలి. ఆ తేడా ఎంత ఉండాలో ఫర్నేస్ రేటింగ్ ప్లేటు మీద, ఉదాహరణకు 35 నుంచి 65 డిగ్రీలు అని, ముద్రించే ఉంటుంది. తేడా ఆ హద్దుల్లో ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉంది, అనుమానం స్విచ్ మీదికి మళ్లించవచ్చు. హద్దు దాటితే స్విచ్ తన పని తాను చేసింది, దోషం మరెక్కడో ఉంది. ఒక థర్మామీటరు, పది పదిహేను నిమిషాల ఓపిక తప్ప దీనికి పెద్ద ఖర్చు లేదు. ఇంత చిన్న పని జరగకుండానే ఇన్ని స్విచ్‌లు మారుతున్నాయన్నదే నా బాధ.

స్విచ్ మార్చక తప్పనప్పుడు కూడా దొరికింది తెచ్చి తగిలించే పని కాదు. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలన్నది ఒక్కటే చూస్తే చాలదు. లోపలికి చొచ్చుకుని ఉండే కాడ పొడవు, బిగించే చోటు కూడా అంతే ముఖ్యం. కాడ పొట్టిదైతే బిళ్ల చల్లటి మూలన ఉండిపోయి అసలు వేడిని చూడదు. వేడిని కొలిచే సాధనం తప్పు చోట ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగాన మాత్రమే ఉందని, మధ్యలోనూ పైనా లేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. కింద అంకె మామూలుగా కనబడుతుంటే పైన రసాయనం కాగుతూ పోయింది. ఒక ఇంటి ఫర్నేస్‌కూ ఆ కర్మాగారానికీ పరిమాణంలో పోలికే లేదు. కానీ సాధనం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటల్లో నిజమూ ఉంది. స్విచ్‌లు కూడా అరిగిపోతాయి కదా అంటారు మొదట. అరిగిపోతాయి. వేలసార్లు అటూ ఇటూ తిరగబడిన బిళ్ల బలహీనపడి, రాసిన వేడికంటే ముందే తెరుచుకోవచ్చు. వైరు టెర్మినల్ తుప్పు పట్టవచ్చు. అయితే ఆరోగ్యంగా ఉన్న ఫర్నేస్‌లో లిమిట్ స్విచ్ ఏళ్ల తరబడి కదలనే కదలదు. అది వేలసార్లు తిరగబడిందంటే యంత్రం వేలసార్లు హద్దు దాటిందనే అర్థం. అరిగిన స్విచ్‌ను మార్చినా, అరగదీసిందేమిటో చూడక తప్పదు.

రెండో మాట ఇంకా బరువైనది. బయట మైనస్ 20 డిగ్రీల చలి, ఇంట్లో చంటిపిల్లలు, రేపటిదాకా ఎవరూ రారు. ఈ ఒక్క రాత్రికి డైరెక్ట్ చేసుకుంటే ఏం పోయింది? ఆ తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒక సంగతి గమనించాలి. అన్ని రాత్రుల్లోకీ చలి ఎక్కువ ఉన్న రాత్రే ఫర్నేస్ ఆగకుండా ఎక్కువసేపు మండేది. అంటే కాపలా తీసేయడానికి ఏడాది మొత్తంలో అన్నిటికంటే చెడ్డ రాత్రి అదే, పైగా ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండే సమయం. ఆ రాత్రికి చేయదగినవి వేరే ఉన్నాయి. పాత ఫిల్టర్ తీసి కొత్తది పెట్టడం, మూసిన వెంట్లన్నీ తెరవడం, గాలి తిరిగి వెళ్లే జాలీకి అడ్డుగా ఉన్న సోఫానో అట్టపెట్టెలనో జరపడం. చాలా ఫర్నేసులు ఇంతమాత్రానికే మళ్లీ దారిలో పడతాయి. కాకపోతే అందరూ ఒకే గదిలో చేరి, గోడ సాకెట్‌కు నేరుగా పెట్టిన ఎలక్ట్రిక్ హీటర్‌తో ఆ రాత్రి గడపవచ్చు, లేదా స్నేహితుల ఇంటికి వెళ్లవచ్చు. వంట స్టవ్ వెలిగించి ఇల్లు వేడి చేయాలని మాత్రం చూడవద్దు. మంట బయటికి వస్తే తెగే రోల్‌ఔట్ స్విచ్ అని మరొకటి ఉంటుంది, దాని బొత్తాం చేత్తో నొక్కితేనే తిరిగి కలుస్తుంది. అది ఒకసారి తెగినా, మళ్లీ మళ్లీ నొక్కి నడిపించవలసినది కాదు.

ఇప్పటి ఫర్నేసుల్లో రక్షణలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఒక్కటి తీస్తే కొంప మునగదన్నది మూడో మాట. రక్షణలు అనేకం ఉన్నమాట నిజమే, కానీ ఒక్కోటి ఒక్కో ప్రమాదాన్నే చూస్తుంది. ప్రెషర్ స్విచ్ పొగ బయటికి పోతోందా అని చూస్తుంది, ఫ్లేమ్ సెన్సర్ మంట వెలిగిందా అని చూస్తుంది. లోహం కాగుతోందా అని చూసేది లిమిట్ స్విచ్ ఒక్కటే, దాని పని ఇంకెవరూ చేయరు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ ఉండి తీరాలి. అయితే అది వేడిని పసిగట్టదు. పైగా గాలిలో 70 పీపీఎం మోతాదు దగ్గర అది గంట నుంచి నాలుగు గంటల్లోపు మోగాలన్నదే అక్కడి ప్రమాణం. అంటే ఆఖరి హెచ్చరిక అది. 1984 డిసెంబరులో భోపాల్ కర్మాగారంలోనూ కాగితం మీద రక్షణలు ఒకటికి మూడు ఉన్నాయి. విషవాయువు లీకైన ఆ రాత్రి శీతలీకరణ యంత్రం ఆపేసి ఉంది, వాయువును మండించే ఫ్లేర్ టవర్‌కు గొట్టం కలిపి లేదు, వచ్చిన వాయువుకు స్క్రబ్బర్ సరిపోలేదు. ఇంకొకటి ఉందిలే అన్న ధీమా ఒక్కో రక్షణనూ ఎలా నిద్రపుచ్చుతుందో మన దేశం చూసింది.

నాలుగోది టెక్నీషియన్ల మీద అపనమ్మకం. కారణం వెతకమంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందని చెప్పి వేల డాలర్ల కొత్త ఫర్నేస్ అంటగడతారని, అంతకంటే చవకైన స్విచ్‌తో సరిపెట్టుకోవడమే మేలని చాలామంది అనుకుంటారు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. దానికి విరుగుడు మాత్రం ప్రశ్నలు మానేయడం కాదు, ఇంకా గట్టిగా అడగడం. పగులు ఉందంటే ఫొటో చూపమనాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో, డక్టులో గాలి ఒత్తిడి ఎంతో, ఉష్ణోగ్రత తేడా ఎంతో అంకెలు రాసిమ్మనాలి. ఆ కాగితం పట్టుకుని రెండో మనిషి అభిప్రాయం తీసుకోవచ్చు. అంకెలు అడిగే ఇంటివాళ్లకు అబద్ధం అమ్మడం కష్టం, నిజాయితీగా పనిచేసేవాడికి అంకెలు చూపడం కష్టం కాదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పాఠకులు అనుకోనక్కర్లేదు. మన స్నానాల గదుల్లోని స్టోరేజీ గీజర్‌లో థర్మోస్టాట్‌తోపాటు థర్మల్ కటౌట్ అని ఒకటి ఉంటుంది. థర్మోస్టాట్ చెడి నీళ్లు మరిగిపోతున్నప్పుడు కరెంటు తెంచేది అదే. అది తెగితే కారణం చూడకుండా 'డైరెక్ట్ ఇచ్చేశానండీ, ఇక ప్రాబ్లం లేదు' అనే మాట మన ఎలక్ట్రీషియన్ల నోట మామూలే. అలా డైరెక్ట్ చేసిన గీజర్‌లో నీళ్లు ఆవిరై ఒత్తిడి పెరిగితే మిగిలిన ఒకే ఒక్క ఆధారం ప్రెషర్ వాల్వు. అది గట్టి నీళ్ల సున్నంతో పట్టేసి ఉంటే ఆ ఆధారమూ లేనట్టే.

చలికాలం మొదలయ్యే ముందే అక్కడి మనవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. ఫర్నేస్ తలుపు లోపల రేటింగ్ ప్లేటు మీద రాసిన ఉష్ణోగ్రత తేడా హద్దుల్ని, స్విచ్ పార్ట్ నంబరును ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. స్విచ్ మార్చానని ఎవరైనా చెబితే మూడు విషయాలు బిల్లు మీద రాయించండి. పాత స్విచ్ ఎందుకు తెరుచుకుంది, కొత్త స్విచ్ నంబరు పాతదానితో సరిపోయిందా, మార్చాక యంత్రం నడుస్తుండగా కొలిచిన ఉష్ణోగ్రత తేడా ఎంత. ఈ మూడూ లేని బిల్లును పని పూర్తయినట్టు లెక్కవేయకండి, డబ్బు కట్టేముందే అడగండి.